పెరట్లో ప్లగ్గు పెట్టించే ముందు ఎర్తు గొయ్యి చూడండి

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఇంటి పని సగం పెరట్లోనే జరుగుతుంది. బట్టలు ఉతకడం, కొబ్బరికాయలు ఒలవడం, జీడిపిక్కలు ఎండబెట్టడం, పశువులకి కుడితి పెట్టడం అన్నీ అక్కడే. ఇంట్లో చోటు చాలక వాషింగ్ మెషీను కూడా వెనక వరండాలోకి చేరింది. ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాక వాటికి చార్జింగూ బయటే. అందుకని వంటింటి కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, దాన్ని ఓ ఇటుక మీద పెట్టి నడిపించేస్తుంటారు. అడిగితే "ఏటవుతాదిలే" అంటారు.

ఏమవుతుందో సోంపేట దగ్గర ఒక ఇంట్లో చూశాను. వెనక గోడకి ఎవరో లోపలి గదిలో వాడే మామూలు బోర్డు బిగించారు. దాని పక్కనే బట్టలారేసే ఇనపతీగకి కొక్కెం కొట్టారు. బోర్డు లోపల కరెంటు తెచ్చే ఫేజు వైరు తొక్క ఊడి స్క్రూకి ఆనుకుంది, స్క్రూ కొక్కేన్ని తాకింది. వానాకాలం, తడి నేల, వట్టి కాళ్ళు. ఆ ఇంటి కోడలు తడి చీర తీగ మీద వేయగానే విసిరికొట్టింది. పడ్డ ఊపుకి చెయ్యి తీగని వదిలింది కాబట్టి బతికింది. తర్వాత నేను బోర్డు విప్పితే ఆకుపచ్చ ఎర్తు వైరు లోపల చుట్ట చుట్టి ఉంది. దాని రెండో కొస ఎక్కడా కలవలేదు. అప్పట్నుంచి ఎవరు బయట పాయింటు కావాలని పిలిచినా ముందు ఎర్తు గొయ్యి, అంటే లీకైన కరెంటుని నేలలోకి దింపే గొయ్యి, ఎక్కడుందో చూపించమంటాను. ఈ వ్యాసం కూడా అదే వరసలో నడుస్తుంది. పెట్టె, ప్లగ్గు, స్విచ్చు చివర్లో వస్తాయి.

ఒక మాట ముందే చెప్పాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, పాడైన స్విచ్చు మార్చుకోవడం వంటి చిన్న పనులు తప్ప, కొత్త లైను లాగడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత, అర్హత సర్టిఫికెట్టు ఉన్నవారి పర్యవేక్షణలో జరగాలని నిబంధన. కాబట్టి ఇది మీరు స్క్రూడ్రైవరు పట్టుకుని దిగిపోవడానికి రాస్తున్నది కాదు. పని చేసే మనిషి పక్కన నిలబడి, ఏది ఎందుకు చేస్తున్నాడో అడగగలగడానికి, ఏది వదిలేస్తున్నాడో పట్టుకోగలగడానికి.

మొదటి పని ఎర్తు

మీటరు దగ్గర నుంచి నేలలోకి దిగే తీగని వెతకండి. పాత ఇళ్ళలో అది కుళాయి పైపుకి కట్టి ఉంటుంది. ఒకప్పుడు ఇనప పైపులు కాబట్టి ఎంతో కొంత పనిచేసేది. ఇప్పుడు నేలలో ప్లాస్టిక్ పైపులు పడ్డాయి, ఆ ఎర్తు పేరుకే ఎర్తు. కొన్ని ఇళ్ళలో ఇంకో ఘోరం కనిపిస్తుంది. ఎర్తు లేదని సాకెట్లోనే న్యూట్రల్‌ని, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరుని, ఎర్తు పిన్నుకి లూపు వేసేస్తారు. టెస్టు బల్బు పెడితే చక్కగా వెలుగుతుంది, ఇంటాయన సంతోషిస్తాడు. ఈదురుగాలికి కొబ్బరిమట్ట పడి, స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరులో న్యూట్రల్ తెగిందంటే, ఇంట్లో స్విచ్చు వేసి ఉన్న ఏ సామాను గుండానైనా ఫేజు ఆ లూపులోకి వచ్చి వాషింగ్ మెషీను ఒంటి మీదికి పాకుతుంది. మీ ఇంట్లో ఇలాంటి లూపు కనిపిస్తే తీయించేయండి, బయట ప్లగ్గు సంగతి తర్వాత.

కొత్త గొయ్యి తీయించాలంటే గోడకి కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో, నీళ్ళు తరచూ పడే చోటు చూడండి. మామూలు నేలకి 40 ఎంఎం జీఐ పైపు (జింకు పూత ఇనప పైపు) రెండున్నర మీటర్లది నిలువుగా దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయడం మనకి తెలిసిన పద్ధతి. పైన చిన్న ఇటుక తొట్టి కట్టి, మూత పెట్టి, వేసవిలో నీళ్ళు పోసే వీలు ఉంచాలి. బారువ, కవిటి, కళింగపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో మాత్రం ఉప్పు దండిగా పోయకండి. అక్కడి గాలికే ఇనుము తినేస్తుంది. నేలలో కూడా ఉప్పు పెడితే జీఐ పైపు ఇంకా తొందరగా పుచ్చిపోతుంది. రాగి పూత రాడ్డు వేసి, చుట్టూ తేమని పట్టి ఉంచే బెంటొనైటు మట్టి నింపిస్తే ఖర్చు కొంచెం ఎక్కువైనా ఎక్కువ కాలం ఉంటుంది.

నేలని బట్టి ఎర్తు మారుతుంది. వరిపొలాల పక్క జిగట నేల తేమని పట్టి ఉంచుతుంది. ఉద్దానం ఇసక నేల నీటిని కిందకి వదిలేస్తుంది. విజయనగరం మెట్టల్లో ఎర్ర గరప నేల వేసవిలో రాయిలా ఎండిపోతుంది. వానాకాలంలో బాగా ఉన్న ఎర్తు మేలో పనికిరాకుండా పోవచ్చు. అందుకే ఎర్తు కొలిపించాలనుకుంటే ఎండాకాలంలోనే కొలిపించండి. కొలవడానికి ఎర్తు టెస్టరని వేరే పరికరం ఉంటుంది. ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు వెలిగించి చూపిస్తే, తీగ తెగలేదన్నంత వరకే తెలుస్తుంది. 100 వాట్ల బల్బు తీసుకునేది అర ఆంపియరు కూడా కాదు. ఎర్తు నాసిగా ఉన్నా అది వెలుగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. మీ ఎర్తు నిరోధం 20 ఓములు అనుకుందాం. మెషీను లోపల ఫేజు తెగి బాడీకి తగిలింది. 230 వోల్టులని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. మీ బోర్డులో ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చు. అది పడదు. నేలలోకి కరెంటు పోతూనే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది, మెషీను ఒంటి మీద ఇంచుమించు పూర్తి వోల్టేజీ కూర్చుని ఉంటుంది. "ఎర్తు ఉంది, ఎంసీబీ ఉంది, ఇంకేం భయం" అనుకునే ఇళ్ళలో జరిగేది ఇదే. అందుకే రెండో పని.

రెండో పని ఆర్‌సీసీబీ

ఎంసీబీ వైరుని కాపాడుతుంది. మనిషి ఒంట్లో 30 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, ప్రాణానికి ప్రమాదమే. 16 ఆంపియర్లంటే దానికి ఐదొందల రెట్ల పైమాటే. కాబట్టి మనిషికి షాకు కొడుతున్న సంగతి ఎంసీబీకి తెలియనే తెలియదు.

ఆర్‌సీసీబీ పని వేరు. పొద్దున్న మందలో ఎన్ని ఆవులు మేతకి వెళ్ళాయో, సాయంత్రం అన్నీ తిరిగొచ్చాయా అని లెక్కపెట్టినట్టు, ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్లో తిరిగొచ్చిందా అని అది ప్రతి క్షణం చూస్తుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు మనిషి గుండానో, తడి గోడ గుండానో నేలలోకి పోతోందన్నమాట. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకి సెకనులో మూడో వంతు కూడా గడవకుండా లైను కట్ చేస్తుంది.

కొట్లో అడిగేటప్పుడు "30 ఎంఏ" అని గట్టిగా చెప్పండి. 100, 300 ఎంఏవి కూడా అమ్ముతారు. అవి మంటలు రాకుండా చూడ్డానికి ఉన్నవి, మనిషిని కాపాడవు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ముఖం మీద అంకె చదవండి. బయటి లైనుకి రెండు పోళ్ళ (ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ తెంచే) 25 ఆంపియర్ల ఆర్‌సీసీబీ, దాని తర్వాత 16 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతాయి. రెండూ ఒకే దాన్లో ఉండే ఆర్‌సీబీఓ అయినా సరే. వీలైతే ఇల్లంతటికీ ఒకటి పెట్టించి, బయటికి విడిగా ఇంకోటి పెట్టించండి. బయట తడికి పడ్డప్పుడు ఇంట్లో దీపాలు ఆరిపోకుండా ఉంటాయి.

బిగించాక పదే పదే పడిపోతుంటే చాలామంది దాన్ని తప్పించి డైరెక్టు చేసేస్తారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. పాత ఇళ్ళలో రెండు గదుల న్యూట్రళ్ళు ఎక్కడో కలిసిపోయి ఉంటాయి, లేదా ఏదో ఒక సామాను నిజంగానే లీకవుతూ ఉంటుంది. ఒక్కొక్క ప్లగ్గు తీసి చూస్తే దొరుకుతుంది. టెక్కలి దగ్గర ఒకాయన ఇంట్లో పూట పూటంతా వెతికితే పాత గ్రైండరు దొరికింది. ఆ గ్రైండరు అప్పుడప్పుడు చురుక్కుమంటుందని వాళ్ళమ్మగారు ఏడాదిగా చెబుతూనే ఉన్నారట.

ఆర్‌సీసీబీకి ఒక పరిమితి ఉంది. ఫేజుని ఒక చేత్తో, న్యూట్రల్‌ని ఇంకో చేత్తో పట్టుకుని ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడితే అది కాపాడలేదు. వెళ్ళిందంతా తిరిగొస్తోంది కదా, దాని లెక్క సరిపోతుంది.

చోటు చూసుకోవడం

పెట్టె నేలకి నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్ళలో అయితే వరద నీరు మీ గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో పెద్దవాళ్ళని అడిగి, ఆ గుర్తుకి పైన పెట్టించండి. సన్‌షేడ్ కింద ఉంటే మంచిదే కానీ దాన్ని పూర్తిగా నమ్మకండి. తుపానులో వాన అడ్డంగా కొడుతుంది. కుళాయికి, గోలేనికి, బట్టలుతికే రాయికి కనీసం రెండు మీటర్ల దూరం పాటించండి. బట్టలారేసే తీగ ఈ గోడకే ఉంటే దాన్ని అక్కణ్ణుంచి తీసి, నైలాను తాడు కట్టండి. నేను చెప్పే మాటల్లో ఖర్చు లేనిది ఇదొక్కటే, వినిపించుకోనిది కూడా ఇదొక్కటే.

పశువుల సాల పక్కన పెట్టేవాళ్ళు ఇంకా దూరం జరగాలి. ఆవుకి ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ మధ్య ఎడం ఎక్కువ. తడి నేలలో కరెంటు పాకితే మనకి చురుక్కుమనేంత వోల్టేజీకి కూడా దాని గుండె మీదుగా కరెంటు పోతుంది. మనిషి తప్పించుకున్న చోట గొడ్డు చచ్చిపోవడం అందుకే.

లైను లాగడం

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజు ఉంటే దాన్ని ఊడదీసి జేబులో వేసుకోవాలి. ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో దాన్ని కూడా ఆపాలి. మెయిన్ ఆపేశాం కదా అని వైరు పట్టుకుంటే ఇన్వర్టరు లైనులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. టెస్టరుతో ముందు కరెంటు ఉన్న చోట వెలుగుతోందా అని చూసి, తర్వాత పని చేసే చోట చూసి, మళ్ళీ ఒకసారి కరెంటు ఉన్న చోట చూడాలి. మధ్యలో టెస్టరే పాడై ఉంటే తెలియాలి కదా.

బయటి పాయింటుకి లైను నేరుగా మెయిన్ బోర్డు నుంచి రావాలి. పక్క గదిలో ప్లగ్గు నుంచి తీయడం, పెంకుటిళ్ళలో చెక్కపట్టీల మీద ఉన్న పాత వైరుకి అతకడం వద్దు. ఆ పాత వైర్ల తొక్క ముట్టుకుంటే రాలిపోతుంది. ఐఎస్‌ఐ గుర్తున్న రాగి వైరు, 2.5 స్క్వేర్ ఎంఎంది, మూడు లాగండి: ఫేజుకి ఎరుపు, న్యూట్రల్‌కి నలుపు, ఎర్తుకి ఆకుపచ్చ. దూరం 30 మీటర్లు దాటితే 4 స్క్వేర్ ఎంఎం వేయాలి. మన పల్లెల్లో సాయంత్రాలు వోల్టేజీ ఎలాగూ తక్కువే, దాన్ని వైరులో ఇంకా పోగొట్టుకోకూడదు. బోరు మోటారుని ఈ లైను మీద పెట్టకండి. దానికి దాని సొంత లైను, స్టార్టరు ఉండాలి.

దారిలో ఎక్కడా అతుకు ఉండకూడదు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఇంటి లోపల పదేళ్ళు బతుకుతుందేమో గానీ, సముద్రపు గాలిలో రెండు వానాకాలాలకే పచ్చగా చిలుము పడుతుంది. పాత అల్యూమినియం వైరుకి రాగి మెలిపెడితే ఇంకా తొందరగా. దొడ్డి చివర కొట్టానికో, గేటు దగ్గరికో తీసుకెళ్ళాలంటే గాలిలో వేలాడదీయకుండా ఆర్మర్డ్ కేబులు (ఇనప తొడుగున్నది) రెండున్నర అడుగుల లోతున పాతి, ఇసక పోసి, పైన ఇటుకలు పరిపించండి. రేపు అరటి పిలక నాటడానికి గునపం దించేవాడికి ముందు ఇటుక తగలాలి.

గోడకి కన్నం వేసేటప్పుడు లోపల్నుంచి బయటికి కొంచెం కిందకి వాలుగా వేయమనండి. తిన్నగా వేస్తే వాన నీరు పైపు పట్టుకుని లోపలికి నడిచి వస్తుంది, గోడ బొబ్బలెక్కుతుంది, చివరికి ఆ నీరు మెయిన్ బోర్డులోకి చేరుతుంది. నరసన్నపేటలో ఒక మేడ మీద బోర్డు ఇలాగే కాలింది.

పెట్టె బిగించడం

పెట్టె మీద ఐపీ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది దుమ్ముకి, రెండోది నీటికి. వరండా లోపల ఐపీ 44 చాలు. వాన తగిలే గోడకి ఐపీ 55 గానీ 65 గానీ తీసుకోండి. అంతకంటే ముఖ్యంగా, ప్లగ్గు పెట్టి ఉన్నప్పుడు కూడా మూత పడుతుందా అని కొట్లోనే ప్లగ్గు పెట్టి చూడండి. కొన్ని పెట్టెలకి ఖాళీగా ఉన్నప్పుడే మూత పడుతుంది. స్కూటరు రాత్రంతా చార్జింగులో ఉన్నప్పుడు వాన వస్తే ఆ ఐపీ అంకె ఎందుకూ పనికిరాదు. స్కూటరుకి 16 ఆంపియర్ల సాకెట్టే పెట్టించండి, గంటల తరబడి ఒకే లోడు నడిస్తే చిన్న సాకెట్టు కాళ్ళు వేడెక్కి కరుగుతాయి.

వైరు పెట్టెలోకి పై నుంచి రాకూడదు, కింద నుంచే రావాలి. లోపలికి పోయే ముందు కిందకి ఓ వంపు తిప్పితే, వైరు వెంబడి జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కన్నానికి సరిపడే గ్లాండు, అంటే వైరు చుట్టూ బిగిసి సందు మూసే బిరడా, బిగించాలి. ఖాళీగా వదిలేస్తే బల్లులు, కందిరీగలు కాపురం పెడతాయి. ఎండిన బల్లి రెండు టెర్మినళ్ళ మధ్య ఉండిపోవడం నేను విప్పిన పెట్టెల్లో చాలాసార్లు చూశాను. పెట్టె వెనక గోడకి పైనా, రెండు పక్కలా సిలికాన్ పూయండి. కింద వైపు వదిలేయండి, ఎలాగో చొరబడ్డ నీటికి దిగే దారి కావాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి.

కలపడంలో చూడాల్సింది కొంచెమే. ఫేజు స్విచ్చు గుండా పోవాలి, న్యూట్రల్ కాదు. సాకెట్టుకి ఎదురుగా నిలబడితే పైన లావు కన్నం ఎర్తు, కుడి చేతి వైపు ఫేజు, ఎడమ వైపు న్యూట్రల్. ఎర్తు వైరుని మిగతా రెండింటి కంటే కాస్త పొడుగు ఉంచమనండి. ఎప్పుడైనా ఎవరైనా కాలు తగిలి లాగేసినా, చివరగా ఊడేది అదే అవుతుంది. ఒక్కో వైరు లాగి చూసి, కదలకుండా ఉంటేనే మూత బిగించాలి.

కరెంటు ఇచ్చే ముందు మెగ్గరుతో, అంటే తొక్క గుండా కరెంటు లీకవుతోందా అని చూసే మీటరుతో, వైర్ల తొక్క నిరోధం కొలవమని అడగండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఒక మెగా ఓముకి తక్కువ చూపిస్తే ఎక్కడో తడి ఉంది, లేదా వైరు గీసుకుపోయింది. మెగ్గరు తేలేదంటే తెచ్చిన రోజే కరెంటు ఇప్పించండి. తర్వాత ఆర్‌సీసీబీ టెస్టు బటన్ మీ వేలితో మీరే నొక్కి చూడండి. మీట టక్కున పడాలి. ఆ బటన్ ఆర్‌సీసీబీ బాగుందని మాత్రమే చెబుతుంది, ఎర్తు బాగుందని చెప్పదు. ఎర్తుకి కొలత కొలతే.

తుపాను వచ్చి వెళ్ళాక

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరులో తిత్లీ. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వాటిని మరిచిపోయినవాళ్ళు లేరు. తిత్లీ పలాస వైపు తీరం దాటాక ఉద్దానంలో స్తంభాలు వరసగా నేలకొరిగాయి, చాలా ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు జనరేటరు తెచ్చుకున్నవాళ్ళు కొందరు రెండు వైపులా మగ ప్లగ్గు ఉన్న వైరు చేయించి, పెరట్లో సాకెట్టులోనే గుచ్చి ఇల్లంతా వెలిగించుకున్నారు. ఆ కరెంటు మీటరు దాటి వీధి లైనులోకి కూడా పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తిప్పి వేల వోల్టులు చేసి పైకి పంపుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం మీ ఇంటి ప్లగ్గు చేతిలో ఉంటుంది. జనరేటరు ఉంటే చేంజోవర్ స్విచ్చు (ఇంటిని వీధి లైనుకి గానీ జనరేటరుకి గానీ ఒక్కదానికే కలిపేది) పెట్టించండి, లేకపోతే దానికే నేరుగా రెండు బల్బులు, ఒక ఫ్యాను తగిలించుకోండి.

తుపాను ముందు రోజే బయటి లైను ఎంసీబీ ఆపేయండి. వెళ్ళాక పెట్టె విప్పి, లోపల తడి లేదని చూసి, ఒక ఎండ తగలనిచ్చి అప్పుడు వేయండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, ఎంసీబీ ఆపి ఉండగానే పొడి గుడ్డతో తుడవండి. తెగిపడ్డ వైరు కనిపిస్తే ఎవరి ఇంటిదైనా సరే దగ్గరికి పోకుండా 1912కి ఫోను చేయండి. ఎవరికైనా షాకు కొడుతుంటే పట్టుకుని లాగకండి. మెయిన్ కట్టేయండి, అది అందకపోతే పొడి నేల మీద నిలబడి ఎండిన వెదురు కర్రతో తప్పించి, 108కి చెప్పండి. ఇది ఇంటి వైరుకే, వీధి లైను తెగిపడితే కర్ర కూడా పనికిరాదు.

ఇక మిగిలింది ఏటేటా చూసుకోవడమే. ఫాల్గుణం నుంచి తొలకరి దాకా వారానికోసారి ఎర్తు గొయ్యిలో రెండు బిందెల నీళ్ళు పోయండి. వానలు మొదలయ్యే ముందు గ్లాండు, సిలికాన్, మూత రబ్బరు చూసుకోండి. టెస్టు బటన్ నెలకోసారి నొక్కాలి, ఆ తేదీ ఎవరికీ గుర్తుండదు. బిల్లు తీయడానికి మీటరు దగ్గరికి మనిషి వచ్చిన రోజున, అతను అటు వెళ్ళగానే నొక్కేయండి. మీట పడకపోతే కొత్త ఆర్‌సీసీబీ వచ్చేదాకా పెరట్లో ప్లగ్గు ఎవరూ ముట్టుకోకుండా ఎంసీబీ ఆపి ఉంచండి.